పక్క తలుపు: కమ్యూనిటీ కాలేజీలో కళా చరిత్ర (మన చదువుల చరిత్ర - 6)



పోయిన భాగంలో సిద్ధార్థ కాలేజీ గురించి మాట్లాడుకున్నాం. 1946లో బాబాసాహెబ్ బొంబాయిలో ఆ కాలేజీ పెట్టినప్పుడు, పగలు ఆఫీసుల్లో పనిచేసుకునే కుర్రాళ్ల కోసం పొద్దున్నే క్లాసులు నడిపారు. పని మానుకుని చదువుకో అని పేదవాడికి చెప్పడం తేలిక. వాడి పనివేళలకు తగ్గట్టు కాలేజీనే మార్చడం బాబాసాహెబ్ చేసిన పని.

ఈ భాగంలో అలాంటి ఇంకో చదువు సంగతి, అమెరికా కమ్యూనిటీ కాలేజీ. అందులోనూ మనవాళ్లు పెద్దగా పట్టించుకోని ఒక సబ్జెక్టు, ఆర్ట్ హిస్టరీ. అంటే కళా చరిత్ర.

"అన్నా, కూడు పెట్టని చదువు మనకెందుకు?" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. ఆ ప్రశ్న అక్కడి నల్లజాతి పిల్లల్నీ, మెక్సికన్ కూలీల పిల్లల్నీ కూడా అడిగారు. వాళ్లేం చేశారో చూసి, జవాబు చివర్లో చెప్పుకుందాం.

1. తలుపు ఎవరు పెట్టారు?

మన దగ్గర జూనియర్ కాలేజీ అంటే ఇంటర్. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. పన్నెండో తరగతి అయ్యాక డిగ్రీలో మొదటి రెండేళ్లు చదివే చోటు అది. ఆ రెండేళ్ల క్రెడిట్లు పట్టుకుని యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదిలో చేరొచ్చు. దాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు.

మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో, ఒక హైస్కూల్లోనే మొదలైంది. మొదట చేరింది ఆరుగురు. దీని వెనక ఇద్దరున్నారు. ఒకరు ఆ హైస్కూలు పెద్ద జె. స్టాన్లీ బ్రౌన్. ఇంకొకరు షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్. మొదటి రెండేళ్ల చదువును యూనివర్సిటీ బయటికి పంపేస్తే, లోపల పరిశోధనకు ఎంపిక చేసిన కొద్దిమందే ఉంటారన్నది హార్పర్ ఆలోచన. అంటే ఇది పేదల కోసమే పుట్టిన ఏర్పాటు కాదు. పెద్దవాళ్ల గదిలో రద్దీ తగ్గించడానికి వరండాలో వేసిన బెంచీ లాంటిది. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లు దాన్ని బడిగా మార్చుకున్నారు.

1944లో సైనికుల చదువుకు డబ్బిచ్చే జీఐ బిల్లు వచ్చింది. 1947లో ట్రూమన్ కమిషన్ నివేదిక "కమ్యూనిటీ కాలేజీ" అనే పేరును జనంలోకి తెచ్చింది. 1960లో కాలిఫోర్నియా రాష్ట్రం మాస్టర్ ప్లాన్ అనే పెద్ద పథకం వేసుకుంది. హైస్కూల్లో పైనున్న 12.5 శాతం మందికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. పైనున్న మూడో వంతుకు స్టేట్ కాలేజీలు. మిగతా అందరికీ జూనియర్ కాలేజీ. అక్కడ బాగా చదివితే పై రెండింటిలోకీ ట్రాన్స్‌ఫర్.

ఆ పథకాన్ని మన కళ్లతో చూడండి. మూడు మెట్లు, ఎవరి మెట్టు వాళ్లది. కానీ మన వర్ణ వ్యవస్థకూ దానికీ ఒక తేడా ఉంది. కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఒక తలుపు పెట్టారు. ఆ తలుపు నిజంగా తెరుచుకుంటుందా అన్నదే అసలు గొడవ.

2. చల్లార్చే విద్య

అదే 1960లో బర్టన్ క్లార్క్ అనే సమాజ శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. శాన్ హోసేలోని జూనియర్ కాలేజీని దగ్గరగా చూసి రాసిన వ్యాసం. దాన్లో ఆయన వాడిన మాటను తెలుగులో "చల్లార్చడం" అనుకోవచ్చు. దాన్ని ఆయన ఎర్వింగ్ గాఫ్‌మన్ నుంచి తీసుకున్నాడు. గాఫ్‌మన్ ఏమో మోసగాళ్ల ముఠాల నుంచి తీసుకున్నాడు. ముఠా ఒకణ్ణి ముంచేశాక, వాడు పోలీసుల దగ్గరికి పోకుండా పక్కన కూర్చుని ఓదార్చి ఇంటికి పంపడానికి ఒకడుంటాడు. వాడి పని చల్లార్చడం.

కాలేజీలో అది ఎలా జరుగుతుంది? నీకు సీటు లేదు అని ఎవరూ అనరు. ముందు ఒక పరీక్ష. తర్వాత కౌన్సెలర్‌తో మాట. మార్కులు తగ్గితే ఒక నోటీసు. మళ్లీ కౌన్సెలర్. "నీ శక్తికి ఇది సరిపోతుందేమో చూడు" అని ఒక చిన్న కోర్సు చూపిస్తారు. కొన్నాళ్లకు ఆ పిల్లవాడే, యూనివర్సిటీ నాకు పడదు అనుకుంటాడు. తప్పు తనదే అనుకుంటాడు. వ్యవస్థ మీద కోపం రాదు.

ఇది చదువుతుంటే మీకు ఎవరైనా గుర్తొచ్చారా? "నీకెందుకమ్మా ఈ గ్రూపు, ఏదో ఒక ట్రైనింగులో చేరి ఉద్యోగం చూసుకో" అని మాలపల్లె నుంచో మాదిగపల్లె నుంచో వచ్చిన పిల్లకు ప్రేమగానే చెప్పే పెద్దమనుషులు మన ఊళ్లలోనూ ఉన్నారు. తిట్టినవాణ్ణి ఎదిరించొచ్చు. ఓదార్చేవాణ్ణి ఎదిరించడమే కష్టం.

లెక్కలు కూడా చూడండి. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లలో దాదాపు 80 శాతం మంది బ్యాచిలర్ డిగ్రీ దాకా చదవాలనే చేరతారు. నిజంగా ట్రాన్స్‌ఫర్ అయ్యేది మూడో వంతు. ఆరేళ్లలో డిగ్రీ చేతికొచ్చేది వందలో 16 మందికి. 2017లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తీస్తే, కాలేజీ మారేటప్పుడు విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకుంటున్నారని తేలింది. చదివిన చదువే కొత్త కాలేజీలో చెల్లదు. ఇది చూశాకే ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో ముందే రాసిపెట్టాలనే పోరాటం ఎందుకో అర్థమవుతుంది. కాలిఫోర్నియా 2010లో చేసిన చట్టం వల్ల ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ కోసమే తయారుచేసిన రెండేళ్ల డిగ్రీలున్నాయి. కళా చరిత్రలోనూ ఒకటుంది. 60 యూనిట్లు పూర్తిచేస్తే స్టేట్ యూనివర్సిటీలో మూడో ఏడాది సీటు ఇవ్వాల్సిందే.

ఫీజు సంగతి. 1984 దాకా కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు లేదు. ఇప్పుడు ఆ రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు, 60 యూనిట్లకు 2,760 డాలర్లు. మన దగ్గర్నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకు ఈ రేటు వర్తించదు, అనేక రెట్లు కట్టాలి. ఏజెంట్ల మాట విని మోసపోకండి.

3. ఆ క్లాసులో ఏం చెబుతారు?

మొదటి ఏడాది సాధారణంగా రెండు సర్వే కోర్సులుంటాయి. గుహల్లో బొమ్మల నుంచి గోథిక్ చర్చిల దాకా ఒకటి. రినైజాన్స్ నుంచి ఆధునిక కాలం దాకా ఇంకొకటి. గదిలో లైట్లు ఆర్పి, రెండు బొమ్మలు పక్కపక్కన వేసి, వీటిలో తేడా ఏంటి అని అడగడం ఈ సబ్జెక్టులో పాత పద్ధతి. ఇంకొకటి, మ్యూజియానికి వెళ్లి ఒకే ఒక్క వస్తువు ముందు నిలబడి, కంటికి కనిపించిందే రాయాలి. గొప్పగా ఉంది, బాగుంది అంటే మార్కులు రావు. ఎవరు ముందున్నారు, ఎవరు వెనకున్నారు, వెలుగు ఎవరి మీద పడింది, ఎవరి మొహం సగమే కనిపిస్తోంది, ఇది రాయాలి.

ఉద్యమంలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే అభ్యాసం ఏముంది?

కానీ పుస్తకాల్లో ఉన్నది ఎవరి చరిత్ర? ఆ క్లాసుల్లో దశాబ్దాల పాటు రాజ్యమేలిన పుస్తకాల్లో ఒకటి హెచ్. డబ్ల్యూ. జాన్సన్ రాసిన "హిస్టరీ ఆఫ్ ఆర్ట్". 1962లో వచ్చిన మొదటి ముద్రణలో ఒక్క ఆడ కళాకారిణి పేరు కూడా లేదు. వాళ్లు అందులోకి రావడానికి 1980ల దాకా పట్టింది. నల్లవాళ్ల సంగతి సరేసరి. ఆ పుస్తకం కొనుక్కుని, బస్సెక్కి, పని నుంచి క్లాసుకొచ్చిన నల్ల పిల్లవాడు పేజీలు తిప్పితే, తన మొహం ఎక్కడుంటుంది? రాజుగారి పక్కన పళ్లెం పట్టుకుని ఉంటుంది. లేదా ఉండదు.

ఇంకో అడ్డు కూడా ఉంది. కళా చరిత్రలో పైకి వెళ్లేకొద్దీ జర్మన్, ఫ్రెంచ్ లాంటి భాషలు చదవడం రావాలంటారు. ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్నవాళ్లకు అది అలవాటు. మొదటి తరం పిల్లలకు మొదటి ఏడాదే ఎవరో ఒకరు ఈ సంగతి చెప్పాలి. చెప్పేవాళ్లుండరు.

4. ఒక గోడ, ఒక పత్రిక

శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ కూడా కమ్యూనిటీ కాలేజీనే. కానీ దానికి పెద్ద పెద్ద యూనివర్సిటీలకు లేని ఆస్తి ఒకటుంది. మెక్సికన్ కమ్యూనిస్టు చిత్రకారుడు డియెగో రివేరా 1940లో అక్కడి ప్రపంచ ప్రదర్శనలో, జనం చూస్తుండగా వేసిన కుడ్యచిత్రం. 22 అడుగుల ఎత్తు, 74 అడుగుల వెడల్పు. "పాన్ అమెరికన్ యూనిటీ" అంటారు. దాన్ని ఈ కాలేజీ లైబ్రరీలో పెట్టాలని ఆర్కిటెక్టు టిమొతీ ఫ్లూగర్ ప్లాను. యుద్ధం వచ్చింది, ఫ్లూగర్ 1946లో చనిపోయాడు, లైబ్రరీ కట్టలేదు. బొమ్మ ఇరవయ్యేళ్లు పెట్టెల్లో పడి ఉంది. 1961లో కాలేజీ థియేటర్ ముందు గదిలో గోడకెక్కింది. దాని మధ్యలో మెక్సికో ఆదివాసుల దేవత కోట్లిక్వే, సగం దేవత, సగం ఫోర్డ్ ఫ్యాక్టరీ యంత్రం. పని చేసే మనుషుల చేతులు, ఆ చేతులు చేసే పనులు గోడంతా ఉంటాయి.

ఆ గోడకు ఆ బొమ్మ ఎక్కిన కొన్నేళ్లకే అదే కాలేజీలో కమర్షియల్ ఆర్ట్ చదివాడు ఎమొరీ డగ్లస్. కుర్రతనంలో బాలనేరస్థుల జైల్లో ఉండి, అక్కడి ప్రింటింగ్ షాపులో పని నేర్చుకున్న నల్లవాడు. 1967లో బ్లాక్ పాంథర్ పార్టీలో చేరి, తర్వాత దాని సాంస్కృతిక మంత్రి అయ్యాడు. పార్టీ పత్రికలో చాలా బొమ్మలు అతని చేతివే. డబ్బుల్లేవు కాబట్టి నలుపుకు తోడు ఒకే ఒక్క రంగు. ముసలమ్మలు, తల్లులు, ఎలుకలున్న అద్దె ఇళ్లు, పంది రూపంలో పోలీసులు. చదువురానివాళ్లకు కూడా బొమ్మ చూస్తే సంగతి అర్థమవ్వాలన్నది లెక్క. క్లాసులో నేర్చుకున్న ప్రకటనల డిజైనును సబ్బులమ్మడానికి కాకుండా ఉద్యమానికి వాడాడు. నలభై ఏళ్ల తర్వాత, 2007లో లాస్ ఏంజెలస్ సమకాలీన కళా మ్యూజియం అవే పత్రిక బొమ్మల్ని ప్రదర్శనకు పెట్టింది.

ఆ పార్టీ పుట్టింది ఎక్కడనుకున్నారు? హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ కలిసింది ఓక్లండ్‌లోని మెరిట్ కాలేజీలో. అదీ కమ్యూనిటీ కాలేజీనే. నల్లవాళ్ల చరిత్ర కోర్సుగా చెప్పాలని అక్కడ కొట్లాడారు. 1966 అక్టోబరులో పార్టీ పెట్టారు. న్యూటన్ తర్వాత శాంటా క్రూజ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు వెళ్లి 1974లో డిగ్రీ, 1980లో పీహెచ్‌డీ తీసుకున్నాడు.

1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె. వి. పవార్, రాజా ఢాలే దళిత్ పాంథర్స్ పెట్టినప్పుడు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. మన ఉద్యమ చరిత్రలో ఒక పాయ ఓక్లండ్‌లోని ఒక రెండేళ్ల కాలేజీ వరండా దాకా పోతుంది. ఎవరైనా కమ్యూనిటీ కాలేజీ అంటే చిన్నచూపు చూస్తే ఈ మాట చెప్పండి.

5. మ్యూజియం గోడ మీద సంతకం

తూర్పు లాస్ ఏంజెలస్ మెక్సికన్ కార్మికుల పేట. అక్కడి కమ్యూనిటీ కాలేజీకి 1957లో సినిమా నటుడు విన్సెంట్ ప్రైస్, అతని భార్య మేరీ తమ సొంత సేకరణలోంచి 90 కళాఖండాలు ఇచ్చారు. పిల్లలు ఫొటోలు కాదు, అసలు వస్తువులు చూసి నేర్చుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. అదే ఇప్పుడు విన్సెంట్ ప్రైస్ ఆర్ట్ మ్యూజియం.

అదే ఊళ్లో పెద్ద మ్యూజియం ఏం చేసింది? 1972లో హ్యారీ గాంబోవా అనే యువ కళాకారుడు వెళ్లి, మా చికానోల కళ ఇక్కడెందుకు లేదు అని అడిగాడు. మీవాళ్లు జానపద కళ చేస్తారు, లేదా గ్యాంగుల్లో తిరుగుతారు, అసలైన కళ చెయ్యరు అన్న అర్థంలో అక్కడి క్యురేటర్ జవాబిచ్చాడు. ఆ రాత్రే గాంబోవా, గ్రోంక్, విలీ హెరోన్ వెళ్లి మ్యూజియం గుమ్మాల దగ్గర స్ప్రే పెయింటుతో తమ పేర్లు రాశారు. లోపలికి రానివ్వకపోతే మ్యూజియం మొత్తం మా బొమ్మే అన్నట్టు. పొద్దున్నే పాట్సీ వాల్దెస్‌ను ఆ పేర్ల పైన నిలబెట్టి ఫొటో తీశారు. ఆ బృందం పేరు ఆస్కో. స్పానిష్‌లో అసహ్యం, వాంతి అని అర్థం. 2011లో అదే మ్యూజియం వాళ్ల మీద పెద్ద ప్రదర్శన పెట్టింది.

6. రెండేళ్ల కాలేజీ నుంచి హోల్బైన్ దాకా

ఇప్పుడు అసలు ట్రాన్స్‌ఫర్ కథ. కెర్రీ జేమ్స్ మార్షల్ 1955లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. 1963లో వాళ్ల కుటుంబం లాస్ ఏంజెలస్‌లోని వాట్స్‌కు వచ్చింది. రెండేళ్లకే ఆ పేట తగలబడింది. బడి రోజుల్లో ఓటిస్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో వేసవి క్లాసుకు వెళ్లినప్పుడు చార్లెస్ వైట్ స్టూడియో చూశాడు. నల్లవాళ్లను హుందాగా గీసిన నల్ల చిత్రకారుడు వైట్. బతికున్న నల్ల కళాకారుణ్ణి, సగం గీసిన బొమ్మల్ని చూశాక, నేనూ ఇక్కడే చదవాలి అని పిల్లవాడు నిశ్చయించుకున్నాడు. నేరుగా చేరే దారి లేదు. లాస్ ఏంజెలస్ సిటీ కాలేజీలో చదివి క్రెడిట్లు పోగుచేసుకుని ఓటిస్‌కు మారాడు. 1978లో డిగ్రీ వచ్చింది.

మార్షల్ పుస్తకాల్లోని తెల్లవాళ్ల కళను తిట్టి పక్కన పడెయ్యలేదు. మొత్తం నేర్చుకున్నాడు. నేర్చుకుని అందులో నల్లవాళ్లను నిలబెట్టాడు. గోధుమ రంగు కాదు, కటిక నలుపు. ఐవరీ బ్లాక్, కార్బన్ బ్లాక్, మార్స్ బ్లాక్ అని మూడు రకాల నలుపుతో ఆ మొహాలు వేస్తాడు. హోల్బైన్ 1533లో వేసిన "ది అంబాసిడర్స్" సర్వే క్లాసుల్లో తప్పకుండా చూపించే బొమ్మ. ఇద్దరు పెద్దమనుషుల కాళ్ల దగ్గర సాగదీసినట్టు ఒక వింత ఆకారం, పక్కనుంచి చూస్తే పుర్రె. మార్షల్ 2012లో ఒక నల్లవాళ్ల బ్యూటీ పార్లర్ బొమ్మ వేశాడు. అందులో నేల మీద అలాగే సాగిన ఆకారం ఉంది. పక్కనుంచి చూస్తే డిస్నీ స్లీపింగ్ బ్యూటీ, తెల్ల తోలు, పసుపు జుట్టు. ఒక పసివాడు వంగి అదేంటా అని చూస్తుంటాడు. అందం అంటే తెలుపే అన్న అబద్ధమే పుర్రె లాగా మన గదిలో పడి ఉందని చెప్పడానికి, నాలుగు వందల ఎనభై ఏళ్ల కిందటి చిట్కానే వాడాడు. కళా చరిత్ర చదవకపోతే ఆ బొమ్మ పుట్టేది కాదు. ఇప్పుడది అతను పుట్టిన బర్మింగ్‌హామ్ మ్యూజియంలోనే ఉంది.

1997లో అతను వేసిన "పాస్ట్ టైమ్స్" అనే బొమ్మ 2018లో వేలంలో 2.11 కోట్ల డాలర్లు పలికింది. ఆ డబ్బు గొప్ప కోసం ఈ మాట చెప్పడం లేదు. పుస్తకంలో లేనివాణ్ణి వదిలేసి ఇక ఏ పుస్తకమూ రాయలేని స్థితి తెచ్చాడు, అదీ గొప్ప.

7. మన బొమ్మ

కూడు పెట్టని చదువు ఎందుకన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు.

అమరావతి స్తూపం మన నేల మీద పుట్టిన పెద్ద కళ. ఆ రాళ్లలో చాలా 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఇంకా చాలా చెన్నై మ్యూజియంలో. ఆ రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో, ఏ పలక ఎవరు దానం చేశారో రాసి ఉంది. రాజులే కాదు, వర్తకులు, ఇల్లాళ్లు, భిక్షుణులు ఉన్నారు. అందులో ఒక పలక పూర్ణఘటం. నిండు కుండలోంచి పూలు పొంగుతున్న శిల్పం. దాన్ని దానం చేసినవాడి పేరు విధిక. వృత్తి చమ్మకార, అంటే తోలు పని. తండ్రి పేరు నాగ, ఆయన ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు అందరితో కలిసి ఇచ్చానని చెక్కించుకున్నాడు.

ఆనాటి చమ్మకారుడే ఈనాటి మాదిగ అని నేను అనను. రెండు వేల ఏళ్ల దూరాన్ని ఒక్క గంతులో దాటకూడదు, అది చరిత్ర కాదు. కానీ రాయి మీద ఉన్నంత వరకు చదవండి. తోలు పనివాడు తన వృత్తిని దాచుకోలేదు. అతని తండ్రి చదువు చెప్పేవాడు. పవిత్ర స్థలంలో అతని కుటుంబం పేరుకు చోటుంది. ఆ తర్వాత ఎప్పుడో, ఎవరో, ఆ చోటు లాక్కున్నారు. ఇది అడగాల్సిన ప్రశ్న. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న రాజముద్ర మధ్యలో ఉన్నది అమరావతి పూర్ణఘటమే. ఆ ముద్ర ఉన్న కాగితం పట్టుకుని కుల ధ్రువీకరణ కోసం ఎండలో క్యూలో నిలబడే పిల్లలకు విధిక పేరు ఎంతమందికి తెలుసు?

మనకు తెలియకపోవడానికి కారణం ఆ రాయి మాట్లాడకపోవడం కాదు. దాన్ని చదివే చోట్లలో మనం లేకపోవడం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆర్ట్ హిస్టరీలో ఎంఎఫ్ఏ ఉంది. బరోడాలో పాత, పేరున్న విభాగం ఉంది. అక్కడి దాకా మన పిల్లలు చేరాలంటే డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఇలాంటి సబ్జెక్టు ఒకటుందని ఎవరో చెప్పాలి. మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఆ పేరే వినిపించదు. ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరే ఆ ఎవరో అవ్వండి. సంఘం మీటింగుల్లో ఒక్క అరగంట, రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఎవరెక్కడున్నారో మాట్లాడుకోండి. ఖర్చు లేదు, సెల్‌ఫోన్ చాలు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నామని చిన్నబుచ్చుకోకండి. చేరిన మొదటి నెలలోనే, ఏ యూనివర్సిటీకి ఏ కోర్సు చెల్లుతుందో కాగితం మీద రాయించుకోండి. ఎవరైనా మిమ్మల్ని ఓదార్చి చిన్న దారి చూపిస్తుంటే, క్లార్క్ వ్యాసం గుర్తు తెచ్చుకోండి.

వచ్చే భాగంలో 1950లో ఔరంగాబాద్‌లో మొదలైన మిలింద్ కాలేజీ, అక్కడి నుంచి వచ్చిన దళిత సాహిత్యం గురించి.

జై భీమ్.